దాచిన అంకె

లోవకుమారి ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, మడతలు అరచేత్తో సాపు చేసింది. "ఒకసారి చదివిపెట్టండి మేడమ్. నాకు అర్థమైంది సరైనదో కాదో చూసుకుందామని వచ్చాను" అంది.

భానుజ అప్పుడే ప్రయోగశాల తాళం తీసి ఫ్యాను వేసింది. విశాఖపట్నం పెదవాల్తేరులో ఒక పాత మేడ పై అంతస్తు అది. మూడు గదులు, నలుగురు మనుషులు, ఒక సర్వరు, నెలకోసారి మొరాయించే ఏసీ. ఏటికొప్పాక నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టుంది, లోవకుమారి ముఖం వాడిపోయి ఉంది. ఆమె గర్భానికి అప్పుడు ఇరవై ఆరు వారాలు. పాదాలు ఉబ్బి చెప్పులు బిగిసిపోయాయి.

"ముందు కూర్చో లోవా. నీళ్ళు తాగు."

"తాగుతాను. మీరు చదవండి."

అది సుయానం ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళ జవాబు. లోవకుమారి లక్కబొమ్మలు చేస్తుంది. జపాన్‌లో ఒసాకా నగరంలో జరిగే బొమ్మల ప్రదర్శనకి, పది రోజులపాటు జనం ముందు లేత్ మిషన్ మీద అంకుడు కర్ర తిప్పి చూపించమని ఆమెని పిలిచారు. పిలుపు వచ్చిందే కానీ దారి ఖర్చు ఎవరూ ఇవ్వలేదు. ఊళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళ సంఘం కలిసి టికెట్లు కొంది. కడుపుతో ఉన్న మనిషి కదా అని ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నారు. గర్భం వల్ల ఆరోగ్యానికి ముప్పు వచ్చి ప్రయాణం మానుకుంటే ఖర్చు తిరిగి వస్తుందని అందులో ఉంది.

ఆ ముప్పు వచ్చింది. రెండు రోజుల కిందట అనకాపల్లిలో డాక్టరు బీపీ చూసి, విమానం ఎక్కడానికి వీల్లేదని రాసిచ్చింది. టికెట్ రద్దు చేసే ముందే ఫోన్లో అర్జీ పెట్టుకోవాలని పాలసీలో నిబంధన. లోవకుమారి పెట్టింది. పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"మీరు పాలసీ తీసుకున్నది మార్చి పన్నెండున. మీ గర్భానికి ప్రమాద సూచన మార్చి మూడునే నమోదై ఉంది. ముందే తెలిసిన ప్రమాదం వల్ల మానుకున్న ప్రయాణానికి పరిహారం వర్తించదు. ఆధారం, మాయపట్టీ రికార్డు. సూచిక, ముప్పై ఒకటి."

భానుజ మళ్ళీ మొదటి నుంచి చదివింది. కింద ఆ పట్టీని తయారుచేసిన తన ప్రయోగశాల ముద్ర ఉంది. ఆ ముద్ర ఇలాంటి ఉత్తరం మీద ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ముప్పై ఒకటి అంటే ఏటి మేడమ్? ఆ రోజుల్లో నా పట్టీలో పచ్చని ఆకు బొమ్మే కదా కనబడేది?"

"అవును."

"ఆకు కనబడితే అంతా బాగున్నట్టే అని మీరే చెప్పారు."

"చెప్పాను."

లోవకుమారి చీర కుచ్చిళ్ళ పైన నడుం చుట్టూ ఉన్న పట్టీని తడుముకుంది. అరచెయ్యంత వెడల్పు, బనీను గుడ్డంత మెత్తన. లోపల చీమ తలంత మైకులు నూట ఇరవై ఉంటాయి. "అయితే నా కడుపులో సంగతి నాకు చెప్పకుండా వాళ్ళకెలా చెప్పారు?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అందుకే భానుజ చూపు మళ్ళీ కాగితం మీదకి దించుకుంది.

పద్నాలుగేళ్ళ కిందట భానుజ తన మొదటి బిడ్డని రైల్లో పోగొట్టుకుంది. ఏడో నెల. నాగపూర్‌లో ఉద్యోగం మానేసి పుట్టింటికి వస్తోంది. బల్లార్షా దాటాక తలనొప్పి మొదలైంది, కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి, కాజీపేట రాకముందే ఒళ్ళంతా గిలగిల కొట్టుకుంది. గర్భిణికి బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం అన్నారు. ఆమె బతికింది. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు.

బిడ్డకి తిండీ గాలీ అందించే మాయ లోపల ముందే బిగుసుకుపోవడం మొదలవుతుంది. బయట బీపీలో కనబడేసరికి వారాలు గడిచిపోతాయి. కానీ మాయలో రక్తం పారే చప్పుడు మాత్రం మొదటి రోజు నుంచే మారుతుంది. ఆ చప్పుడు వినగలిగితే చాలని భానుజ పట్టుదల. తొమ్మిదేళ్ళు పట్టింది. మొదటి పట్టీ అన్నం అరిగే చప్పుడుకీ మాయ చప్పుడుకీ తేడా తెలియక రోజుకి నాలుగుసార్లు గంట కొట్టేది. ఐదో పట్టీ నాటికి వింది. సున్నా నుంచి వంద దాకా ఒక అంకె ఇస్తుంది. నలభై దాటితే పసుపు, అరవై దాటితే ఎరుపు.

తల్లికి రంగే తప్ప అంకె కనబడకూడదని భానుజే నిర్ణయించింది. పదిహేను, ఇరవై, ముప్పై అని రోజూ చూసుకుంటూ కూర్చుంటే ఆ దిగులుకే బీపీ వస్తుంది. ముప్పై వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి మళ్ళీ పదికి దిగిపోతుంది కూడా. అందుకని నలభై లోపలంతా ఆకు బొమ్మ పెట్టింది. అంకెలు సర్వరులో దాచింది. నాలుగు వందల మంది తల్లుల మీద పరీక్ష చేయడానికి సుయానం వాళ్ళు డబ్బు పెట్టారు. వచ్చిన అంకెలు పరిశోధన అవసరాలకి తామూ చూసుకుంటామన్నారు. తల్లులకి మాత్రం చూపించకూడదు, చూపిస్తే పరీక్ష చెడిపోతుందని షరతు పెట్టారు. భానుజ సంతకం పెట్టింది.

"లోవా, ఇందులో నా తప్పుంది" అంది చివరికి. "నేను వాళ్ళతో మాట్లాడతాను. నువ్వు మాత్రం డాక్టరు మాట జవదాటకు. ప్రయాణం పెట్టుకోకు."

లోవకుమారి కాగితం మళ్ళీ పాత మడతల మీదే మడిచింది. "మాట్లాడండి మేడమ్. ప్రయాణం నాలుగో తేదీన. అప్పటిలోగా సంగతేదో చెప్పండి."

*

సుయానం ఆఫీసు సిరిపురంలో ఏడో అంతస్తులో ఉంది. క్లెయిములు చూసే పెద్ద, దివాకర్ పట్నాయక్, లేచి నిలబడి నమస్కారం పెట్టి కాఫీ తెప్పించాడు.

"మీరు వస్తారనే అనుకున్నాను మేడమ్. ఆ అమ్మాయి విషయం బాధాకరమే."

"బాధాకరం అంటూనే పదకొండు నిమిషాల్లో కాదన్నారు."

"కాదన్నది మనిషి కాదు. మీ రికార్డూ మా నిబంధనా పక్కపక్కన పెట్టి కంప్యూటరు చూసింది." ఆయన కుర్చీ కొంచెం ముందుకు లాక్కున్నాడు. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మార్చి మూడున మీ పట్టీ ముప్పై ఒకటి అంది. అది తప్పా?"

భానుజ కాఫీ కప్పు పక్కకి జరిపింది.

"తప్పయితే ఒక కాగితం మీద రాసివ్వండి. ఇవాళే పరిహారం ఇప్పిస్తాను. జూన్‌లో మీ పట్టీకి లైసెన్సు ఇచ్చే కమిటీ కూర్చుంటుంది కదా, వాళ్ళూ ఆ కాగితం చూస్తారు. నలభై లోపల పట్టీ చెప్పేదంతా ఉత్తదే అని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. తప్పు కాదంటారా, అప్పుడు ప్రమాదం పాలసీకి ముందే ఉన్నట్టు. నేను మాత్రం ఏం చెయ్యను?"

"ఉండటం వేరు, తెలియడం వేరు పట్నాయక్ గారూ."

"తెలిసింది కదా మేడమ్. మీ సర్వరుకి తెలిసింది."

కాఫీ చల్లారిపోయింది. భానుజ కిందికి దిగి రోడ్డు మీద నిలబడితే ఏ ఆటో ఆపాలో, ఎటు వెళ్ళాలో తోచలేదు. చివరికి ఇంటికి నడిచే వెళ్ళింది.

ఆమె భర్త కామేశం కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఆ పూట సెలవు కావడంతో వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాడు. ఆమె చెప్పిందంతా విని, కత్తిపీట పక్కకి జరిపాడు.

"నువ్వేం రాద్దామనుకుంటున్నావు?"

"ఏం రాసినా చెడిపోయేలా ఉంది. అంకె తప్పంటే పట్టీ పోతుంది. ఇంకా ఎంతమంది తల్లులు రైళ్ళలో, బస్సుల్లో... ఒప్పంటే లోవకి అన్యాయం."

"ఆ అంకె ఆ రోజే ఆ పిల్లకి చెప్పి ఉంటే?"

"భయపడి ఉండేది. బహుశా ఊరికే భయపడి ఉండేది."

"భానూ, ఆ రోజు నాగపూర్లో నీకెవరైనా ముప్పై ఒకటి అని చెప్పి ఉంటే, భయపడి ఊరుకునేదానివా? అసలు రైలెక్కేదానివా?"

ఆమె ఇంటికొచ్చి అరగంటైనా కూర్చోలేదు. హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉంది. ఆ ప్రశ్న విని వాకిట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో గుర్తు రాక మళ్ళీ లోపలికి వచ్చింది.

వారం తిరిగేసరికి కబురు పాకిపోయింది. పట్టీ కట్టుకున్న తల్లులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో లోవకుమారి ఉత్తరం ఫొటో ఎవరో పెట్టారు. మర్నాటి నుంచి పట్టీలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. కొన్ని కొరియర్లో, కొన్ని భర్తల చేత, కొన్ని ఒక్క మాట కూడా రాయకుండా కవర్లో పెట్టి గేటుకి తగిలించి. గాజువాక నుంచి ఒకామె ఫోన్ చేసి, "మా నడుముకి కట్టి మా మీదే సాక్ష్యం చెప్పించారు కదమ్మా" అని పెట్టేసింది. ఆరు రోజుల్లో నలభై మూడు పట్టీలు. ఒక్కొక్కటి వస్తుంటే భానుజకి ఒక్కొక్క తల్లి చీకట్లోకి వెళ్ళిపోతున్నట్టు ఉండేది.

పట్నాయక్ అడిగిన కాగితం ఆమె రాయలేదు. రాయననీ చెప్పలేదు. లోవకుమారికి రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ "ఇంకా తేలలేదు" అనే చెప్పింది. అంకెలు అడిగితే, ఒప్పందం ప్రకారం చెప్పే అధికారం తనకి లేదంది. మూడోసారి చేస్తే లోవకుమారి ఎత్తలేదు.

*

మే నాలుగో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకి నూకరాజు వచ్చాడు. లోవకుమారి భర్త. అంకుడు కర్ర కోసి, ఆరబెట్టి, ముక్కలు చేసేది అతనే. మాట తక్కువ మనిషి. బట్టల షాపు సంచిలోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీకే ఇచ్చెయ్యమంది మేడమ్."

"తను ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఏటీ లేదంటాది. రాత్రి దాకా ఇది కట్టుకునే ఉంది, పొద్దున్న తీసేసింది." అతను గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "విమానానికి వెళ్ళిపోనాది."

"ఏమిటి?"

"సంఘంవాళ్ళ వ్యాను వచ్చింది. తోడు వెళ్ళే సంఘం పైడితల్లమ్మగారూ తనూ వెళ్ళారు. నన్ను వద్దంది. డాక్టరు ఒకటి చెప్పింది, కంపెనీ ఒకటి చెప్పింది, మీ ఆకు బొమ్మ ఇంకోటి చెప్పింది, ముగ్గురూ మూడు చెబితే నా ఒళ్ళు చెప్పిందే నేను నమ్ముతానంది. పదకొండు మంది కష్టం నీళ్ళలో పొయ్యలేనంది."

భానుజ పట్టీకి తీగ తగిలించింది. పట్టీలో తెర చిన్నది, రంగు మాత్రమే చూపిస్తుంది. అసలు అంకె కంప్యూటరుకి ఎక్కిస్తేనే కనబడుతుంది. ఏటికొప్పాకలో నెట్ సరిగా అందక నాలుగు రోజుల చప్పుళ్ళు పట్టీలోనే ఉండిపోయాయి. అవి ఒక్కొక్కటే తెర మీదకి ఎక్కాయి. యాభై రెండు. యాభై ఎనిమిది. అరవై ఆరు. ఆఖరిది, అంతకుముందు రాత్రిది, డెబ్బై తొమ్మిది.

"ఎరుపు కనబడలేదా తనకి?" అంది భానుజ.

"మొన్నటి నుంచి ఎర్రగానే ఉంది. కంపెనీవాళ్ళు చూసుకునేది కదా అది, మనకేటి అని చీర కప్పేసుకుంది."

విమానం మధ్యాహ్నం ఒంటిగంటకి, భోగాపురం నుంచి. భానుజ కారు తాళాలు తీసుకుని మెట్లు దిగుతుంటే నూకరాజు ఏమీ అడగకుండా వెనకే దిగాడు. మధురవాడ దగ్గర ట్రాఫిక్కు. ఆనందపురం కూడలిలో మళ్ళీ ట్రాఫిక్కు. లోవకుమారి ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. తగరపువలస వంతెన ఎక్కాక, "ఆ అంకె ఏటో నాకు చెప్పరా మేడమ్?" అని అడిగాడు నూకరాజు.

"ముందు తనకి చెప్పాలి నూకరాజూ. తనకి చెప్పాక నీకు చెబుతాను."

అతను కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాడు.

విమానాశ్రయం గేటు దగ్గర, టికెట్ లేనివాళ్ళు లోపలికి వెళ్ళడానికి వీల్లేదన్నాడు జవాను. భానుజ పక్కనున్న విమాన కంపెనీ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అక్కడి అధికారిణి కుర్రపిల్ల, మర్యాదస్తురాలు. పేరు చెబితే కంప్యూటరు చూసి, "వాళ్ళు చెకిన్ అయిపోయారండీ. ఇరవై ఏడు వారాలని రాశారు. ఇరవై ఎనిమిది దాటితేనే మేం డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాం" అంది.

"నేనొకసారి ఆమెతో మాట్లాడాలి."

"కారణం ఏమిటండీ? ఆరోగ్య సమస్యేనా? మీరు డాక్టరా? చెప్పండి, రాసుకుంటాను. మా డ్యూటీ మేనేజరుకి పంపిస్తే ఆమెని ఎక్కనివ్వరు. రెండు నిమిషాల పని."

ఎంత తేలిక. భానుజ నోరు తెరిచింది. డెబ్బై తొమ్మిది అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ పిల్ల చేతివేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి. ఈ పిల్లకి చెబితే ఒక రికార్డులో పడుతుంది. అది ఎక్కడికో వెళుతుంది. అందరికీ తెలిశాక, అన్నిటికన్నా చివర, ఎవరో ఇద్దరు చేతులు పట్టుకుని వరసలోంచి బయటికి తెస్తుంటే లోవకి తెలుస్తుంది.

"కారణం ఆమెకే చెబుతాను. మీకు చెప్పను. నన్ను ఆమెతో మాట్లాడించండి చాలు."

"అలా కుదరదండీ..."

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఇదుగో, ఆమె భర్త కూడా నా పక్కనే ఉన్నాడు. ఆమె వెళతానంటే వెళ్ళనివ్వండి. ఒక్కసారి ఫోన్ దగ్గరికి పిలవండి."

ఆ పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఫోనెత్తింది. మైకులో లోవకుమారి పేరు రెండుసార్లు వినిపించింది. ఐదు నిమిషాలకి అద్దాల గోడ అవతల, దూరంగా, పసుపు చీరలో లోవకుమారి కనబడింది. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడిచొచ్చి అక్కడి కౌంటరు మీది ఫోన్ అందుకుంది. ఇవతల కిటికీ పిల్ల తన ఫోన్ భానుజకి ఇచ్చింది.

"నన్నాపకండి మేడమ్" అంది లోవకుమారి మొదటి మాటే.

"ఆపడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను."

"మీకు చెప్పే అధికారం లేదన్నారు కదా."

"లేదు. అయినా చెబుతున్నాను. నిన్న రాత్రి నీ అంకె డెబ్బై తొమ్మిది."

లోవకుమారి అద్దంలోంచి ఆమెనే చూసింది. "వందకా?"

"వందకి."

"మొదటి నుంచీ చెప్పండి. దాచినవి కూడా."

భానుజ రెండో చేతిలోని సొంత ఫోన్ తెర మీద ఆ పట్టీ అంకెల వరస మొత్తం ఉంది. చదివింది. ఫిబ్రవరి పదమూడు, తొమ్మిది. ఫిబ్రవరి ఇరవై, పద్నాలుగు. మార్చి మూడు, ముప్పై ఒకటి. మార్చి పదకొండు, పంతొమ్మిది. అక్కడ ఆగింది. ఇన్నాళ్ళూ ఆ అంకె తనూ పట్టించుకోలేదు. పాలసీ కొన్న ముందురోజు పంతొమ్మిదికి దిగింది. ఏప్రిల్ దాకా అక్కడే ఉండి మళ్ళీ పెరిగింది. అవన్నీ చదివింది. వెనక వరసలో ఎవరో తొందరపెడుతున్నారు. లోవకుమారి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"తలనొప్పి ఉందా లోవా?"

"పొద్దుటి నుంచి."

"కళ్ళ ముందు మెరుపులు?"

లోవకుమారి తలెత్తి పైన లైట్ల వైపు చూసింది. "ఈ లైట్లవి అనుకున్నాను."

"నాకూ అలాగే అనిపించింది. రైల్లో. ఎదురు రైలు లైట్లు అనుకున్నాను." భానుజ ఆ సంగతి కామేశానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "ఎక్కడం, మానడం నీ ఇష్టం. నాకు తెలిసింది ఇప్పుడు నీకూ తెలుసు. అంతే."

"నా పెట్టె లోపలికి వెళ్ళిపోయింది మేడమ్. ఉలులు, లక్క, అన్నీ అందులోనే ఉన్నాయి."

"పైడితల్లమ్మగారు ఉన్నారు కదా."

"ఆవిడకి మిషన్ తిప్పడం వచ్చు. రంగు వెయ్యడమే..." లోవకుమారి కౌంటరు అంచు పట్టుకుంది. నూకరాజు అద్దానికి అరచేయి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని చూసింది. తర్వాత ఫోన్లో, "బయటికి ఎటు రావాలో వీళ్ళని చెప్పమనండి" అంది.

కారు దాకా నడవగలిగింది. విజయనగరం ఆసుపత్రికి చేరేసరికి బీపీ నూట ఎనభై ఎనిమిది దాటింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, తొమ్మిది వందల నలభై గ్రాములు. అరవై ఎనిమిది రోజులు గాజుపెట్టెలో ఉండి ఇల్లు చేరింది. లోవకుమారికి ఎడమ కంటి చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. నీళ్ళ లోపలి నుంచి చూసినట్టుంటుందని చెప్పేది. గింజంత బొమ్మ మీద వెంట్రుకంత గీత గీసే మనిషి. ఆ గీతలు ఇప్పుడు నూకరాజు నేర్చుకుంటున్నాడు.

*

ఆగస్టులో బీమా ఫిర్యాదుల విచారణ జరిగింది. అప్పటికి భానుజ షరతు తప్పిందని సుయానం వాళ్ళు ప్రయోగశాలకి డబ్బు ఆపేశారు. మిగిలిన ఇద్దరు కుర్రాళ్ళనీ ఆమే వేరే చోట్ల చేర్పించింది. లైసెన్సు కమిటీ వాయిదా పడింది. కొత్త దరఖాస్తు సుయానం పేరు మీద వెళ్ళిందని ఆమెకి వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఒప్పందం ప్రకారం పట్టీ వాళ్ళదే.

విచారణాధికారి నెరిసిన జుట్టు పెద్దావిడ. పట్నాయక్ తను చెప్పాల్సింది చక్కగా చెప్పాడు. తర్వాత ఆవిడ భానుజని అడిగింది.

"మార్చి మూడు నాటి సూచిక సరైనదేనా?"

"సరైనదేనండీ. పట్టీ విన్నది విన్నట్టు రాసింది."

పట్నాయక్ ఊపిరి వదిలాడు.

"అయితే ప్రమాదం ముందే తెలిసినట్టే కదా?"

"ఎవరికండీ?" అంది భానుజ. "తెలియాలంటే తెలుసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఆ అంకె తల్లికి తెలియదు, ఎందుకంటే నేను దాచాను. నాకూ తెలియదు, ఎందుకంటే నాలుగు వందల మంది అంకెలు నేను రోజూ చదవను. కంపెనీలోనూ ఆమె అర్జీ పెట్టిన రోజు దాకా ఎవరూ చూడలేదు. ఒక పెట్టెలో పడి ఉంది. పైగా పాలసీ కొనే నాటికి అది పంతొమ్మిదికి దిగింది. ఆ పంతొమ్మిదిని ఉత్తరంలో ఎందుకు రాయలేదో వాళ్ళని అడగండి."

కాగితాలు తిరగేసిన చప్పుడు. పట్నాయక్ తల దించుకుని ఏదో రాసుకున్నాడు.

"అంకె దాచడం మీ నిర్ణయమేనా?" అంది విచారణాధికారి.

"నాదే. తల్లులు భయపడతారని దాచాను. వాళ్ళ కంటే వాళ్ళ భయం గురించి నాకే బాగా తెలుసు అనుకున్నాను."

తీర్పు మూడు వారాలకి వచ్చింది. గర్భిణికి స్వయంగా తెలియజేయని సూచనని ముందే తెలిసిన ప్రమాదంగా లెక్కించకూడదు, సంఘానికి పరిహారం చెల్లించాలి. లోవకుమారి ఫోన్ చేసి ఏడ్చింది, నవ్వింది, పిల్ల ఏడుపు వినిపించింది. ఆ రోజు భానుజ చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నది.

ఆ నెమ్మది ఎక్కువ కాలం నిలవలేదు. కొత్త సంవత్సరంలో సుయానం వాళ్ళ పట్టీ మార్కెట్లోకి వచ్చింది. తీర్పుని తు.చ. తప్పకుండా పాటించారు. అందులో ఆకు బొమ్మ లేదు. సున్నా నుంచి వంద దాకా ప్రతి అంకె ప్రతి గంటకీ తల్లి ఫోన్లో మోగుతుంది. చూశాను అని తల్లి వేలితో నొక్కాలి. నొక్కితే తెలిసినట్టు. ఇరవై చేరినట్టు నొక్కినవాళ్ళకి ప్రయాణం పాలసీ ఇవ్వరు. ఆ పట్టీ వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి, అది నిజం. భానుజ ఆ లెక్కలు చదివి ఒంటరిగా సంతోషపడింది. దేశమంతా లక్షల మంది ఆడవాళ్ళు గంట గంటకీ ఉలిక్కిపడుతున్నారు, అదీ నిజం.

ఆమె ఇప్పుడు కామేశం కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. తన నంబరు ఎలా బయటికి వెళ్ళిందో ఆమెకి తెలియదు. లోవకుమారే ఇచ్చిందంటారు కొందరు. రోజుకి పది, పదిహేను ఫోన్లు వస్తాయి.

ఆ మంగళవారం రెండో పీరియడ్‌కి ముందు వచ్చింది ఒకటి. పేరు రమీజా, ఊరు కాకినాడ. ఐదో నెల.

"పొద్దున పదిహేడండీ. ఎనిమిది గంటలకి పద్దెనిమిది. ఇప్పుడు పంతొమ్మిది. ఇంకొక్కటి పెరిగితే పాలసీ ఇవ్వరు. పదిహేనో తారీకున కటక్‌లో మా చెల్లి పెళ్ళి. మూడు రోజుల నుంచి నిద్ర లేదు. కళ్ళు మూస్తే మోగుతుందేమోనని భయం. వెళ్ళొచ్చా, వద్దా? మీరు చెప్పండి మేడమ్, మీరే కదా దీన్ని కనిపెట్టింది."

"నేనే" అంది భానుజ. "కాళ్ళు వాచాయా? తలనొప్పి?"

"లేదండీ."

"బీపీ ఎవరైనా చూశారా?"

"నిన్న చూశారు. బాగుందన్నారు."

"అయితే ఫోన్‌కి మోత ఆపేసి పక్కన పెట్టండి. పట్టీ దాని పని అది చేసుకుంటుంది. సాయంత్రం ఒక్కసారి చూసుకుంటే చాలు, నలభై దాటితే ఏ వేళైనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళొచ్చా, వద్దా అన్నది మనిద్దరం మాట్లాడుకుని తేల్చుకుందాం. ఇప్పుడు అంకెలు కాకుండా మిగతావి చెప్పండి. ఏం తింటున్నారు, ఇంట్లో ఎవరున్నారు, చెల్లెలి పేరేమిటి?"

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"నౌషీన్ అండీ. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నేనే పెంచాను దాన్ని..."

బెల్లు మోగింది. వరండాలో పిల్లలు తరగతి వైపు నడుస్తున్నారు. భానుజ పుస్తకాలు బల్ల మీద పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఊఁ, చెప్పండి" అంది.